మధ్యకు వచ్చే చెయ్యి

పన్నెండుంపావుకి నేను సిమ్యులేటర్ గదిలో అడుగు పెట్టేసరికి మా బావమరిది నాకంటే ముందే వచ్చి, మెకానిక్ అమ్మాయి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని సామెత. ఆ సామెత కట్టినవాడి బావమరిది పోలీసు ఇన్‌స్పెక్టరు అయి ఉండడు. నేను పోలీసు ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న ఈ ఆరేళ్ళలో మావాడు వేలు పెట్టని కేసంటూ నాకు ఒక్కటీ దొరకలేదు. ప్యాంటు మడత ఎప్పుడూ కత్తి అంచులా నిలబడి ఉంటుంది కాబట్టి స్టేషన్లో అందరూ అతన్ని చాటుగా ‘ఇస్త్రీ’ అంటారు. నేను ఎదురుగానే అంటాను.

"నాలుగింటికి మా పై అధికారి వస్తారు బావా. ఈలోగా నువ్వు చూసుకునేదేదో చూసుకో. ఆ తరవాత ఈవిడ నాతో వస్తుంది" అన్నాడు ఇస్త్రీ, వాచీ నాకు కనిపించేలా తిప్పి పెడుతూ.

కేసు రెండు ముక్కల్లో ఇదీ. హెలికాప్టర్ పైలట్లకు శిక్షణ ఇచ్చే స్కూలది. గది మధ్యలో ఆరు ఉక్కు కాళ్ళ మీద ఒక కేబిన్ నిలబెట్టి ఉంది. లోపల రెండు సీట్లు, కిటికీ అద్దాలకు బదులు తెరలు. స్టిక్కు కదిలిస్తే తెర మీద నేలా ఆకాశమూ కదులుతాయి, కాళ్ళు లేచి పడి కేబిన్ నిజంగానే ఊగుతుంది. నిన్న మధ్యాహ్నం రెండు ముప్పైకి అది అదుపు తప్పి గుర్రంలా ఎగిరెగిరి పడింది. లోపలున్న పెద్దాయన వెనక తలుపులోంచి అయిదడుగుల కింద సిమెంటు నేల మీద పడ్డాడు. అందరూ కెప్టెన్ అని పిలిచే ఆయన ఇరవయ్యేళ్ళుగా ఈ స్కూల్లో గురువు. తలకు దెబ్బ తగిలి, భుజం ఎముక విరిగి, నిన్నటి నుంచి స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆ స్టిక్కును నిన్న ఉదయం పదకొండింటికి విప్పి బిగించింది ఈ మెకానిక్. ముప్పై ఏళ్ళ మనిషి, పొట్టిగా ఉంటుంది, వేళ్ళ చివర్లు సోల్డరింగ్ వేడికి బండబారిపోయాయి. వాళ్ళక్క అదే ఆసుపత్రిలో నర్సు. నన్ను ఈ కేసులోకి లాగింది ఆవిడే. "మా చెల్లి తప్పు చేసుంటే తనే ఒప్పుకుంటుందండీ. చెయ్యని తప్పు మాత్రం చచ్చినా ఒప్పుకోదు. ఆ మొండితనానికే జైలుకి పోయేలా ఉంది" అని పొద్దున్నే నా గుమ్మంలో నిలబడి చెప్పింది. ఏడుస్తూ వచ్చేవాళ్ళను చాలామందిని చూశాను గానీ, చెల్లెల్ని ఇంత కచ్చితంగా తూకం వేసి చెప్పిన అక్కను చూడలేదు. అక్కడే కేసు ఒప్పుకున్నాను.

మెకానిక్‌ను ఎవరడిగినా నిన్నటి నుంచీ ఒకటే మాట చెప్తోంది, బ్రేకు పట్టుకుంటోంది అని. ఏ బ్రేకు, ఎందుకు పట్టుకోవాలి అని అడిగాను. నాకు అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పింది. హెలికాప్టర్ ముందుకు పోవాలంటే పైలట్ స్టిక్కును ముందుకు తోసి అలాగే పట్టుకుని ఉండాలి. గంటల తరబడి అలా పట్టుకుంటే చెయ్యి పడిపోతుంది. అందుకని స్టిక్కు అడుగున ఒక అయస్కాంతపు బ్రేకు, పైన బొటనవేలి కింద ట్రిమ్ బటన్ పెడతారు. బటన్ నొక్కితే బ్రేకు వదులుతుంది, స్టిక్కు కావలసిన చోటికి తెచ్చి బటన్ వదిలితే బ్రేకు మళ్ళీ పట్టుకుంటుంది. ఇక స్టిక్కు అక్కడే ఉండిపోతుంది, తలుపుకి చెక్క ముక్క అడ్డం పెట్టినట్టు. నిన్న ఉదయం ఆ బ్రేకు ముఖాలకు పట్టిన మసి తుడిచి, అరిగిన వాషర్ ఒకటి మార్చానని చెప్పింది.

చూపించమన్నాను. కేబిన్ బయటే మోకాళ్ళ మీద వంగి, ఏదీ చెరగకుండా లోపలికి చెయ్యి మాత్రం పెట్టి, స్టిక్కును ముందుకు తోసి బటన్ వదిలింది. స్టిక్కు అలాగే నిలబడిపోయింది. నా చేతిసంచీ తీసి దానికి తగిలించాను. మూడు కిలోల బరువుంటుంది, ఆఫీసు మొత్తం అందులోనే ఉంటుంది కాబట్టి. స్టిక్కు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఇవాళ పట్టుకుంది. నిన్న రెండున్నరకి పట్టుకోలేదు. అంతేగా" అన్నాడు ఇస్త్రీ. జేబులోంచి ఒక ఫిర్యాదుల పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. సిమ్యులేటర్‌లో ఏది సరిగ్గా లేకపోయినా గురువులూ విద్యార్థులూ అందులో రాయాలి. గత రెండు వారాల్లో కెప్టెన్ మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ ఒకటే మాట, ట్రిమ్ చేశాక హెలికాప్టర్ ముక్కు పైకి లేస్తోంది అని. మొదటి రెండిటి కింద మెకానిక్ ‘పరీక్షించాను, లోపం లేదు’ అని రాసి సంతకం పెట్టింది. మూడోసారి నిన్న ఉదయం. అప్పుడు ఇద్దరికీ మాటా మాటా పెరిగిందనీ, లోపం స్టిక్కులో లేదు సార్ అని ఈ అమ్మాయి గొంతు పెంచడం పక్క గదిలో వాళ్ళు విన్నారనీ ఇస్త్రీ చెప్పాడు. మూడు ఫిర్యాదులు, ఒక తగాదా, పైపైన ఒక రిపేరు, మూడున్నర గంటల్లో ఒక మనిషి నేల మీద. అతని లెక్క చక్కగా మడత పెట్టినట్టే ఉంది. నాకు ఒళ్ళు మండింది, అందులో ఎక్కడా ముడత కనిపించనందుకు.

తరవాత విద్యార్థిని పిలిపించాను. నిన్న సిమ్యులేటర్‌లో ఆ గంట అతనిది. నిజం హెలికాప్టర్‌లో నూట ఇరవై గంటలు ఎగిరినవాడు, పరీక్షకు ముందు మెరుగులు దిద్దుకోవడానికి వచ్చాడు. ఆరడుగుల రెండంగుళాల పొడవు. తలుపు దగ్గర అలవాటుగా తల వంచుకునే లోపలికొచ్చాడు, వచ్చాక కూడా ఎత్తలేదు. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

అతను చెప్పింది ఇస్త్రీ ముందే రాసుకున్నాడు. రెండూ పదికి తను కుడి సీట్లో, కెప్టెన్ ఎడమ సీట్లో కూర్చున్నారు. రెండున్నరకి కెప్టెన్ బెల్టు విప్పి లేచి, తెర మీద ఏదో చూపించబోయాడు. అప్పుడే స్టిక్కు దానంతటదే ఎగిరింది. కేబిన్ విసురుకి కెప్టెన్ వెనక తలుపుకి కొట్టుకుని, తలుపు తెరుచుకుని బయట పడ్డాడు. ఇదంతా ఒక్క గుక్కలో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. నిజం చెప్పేవాళ్ళు మధ్యలో ఎక్కడో ఒకచోట తడబడతారు. ఇతను తడబడలేదు.

నేను కేబిన్ మెట్లెక్కి చూశాను. నిన్న రెండు నలభై అయిదు నుంచి ఇక్కడ కానిస్టేబుల్ కాపలా ఉంది, ఇందాక మేం కదిపిన స్టిక్కు తప్ప ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. కుడి సీటు పట్టా మీద జరుపుకునే రకం, పక్కన కన్నాలుంటాయి. పిన్ను ముందు నుంచి రెండో కన్నంలో దిగి ఉంది. విద్యార్థిని వచ్చి కూర్చోమన్నాను. కూర్చోవడానికే తంటాలు పడ్డాడు. మోకాళ్ళు రెండూ మీటర్ల పలకకు తగిలాయి, పెడల్ మీద పాదం మడత పడింది. ఇలా కూర్చుని ఇరవై నిమిషాలు ఎలా నడిపావు నాయనా అని అడిగాను.

"ఈ సీట్లో ఉన్నది ఇతను కాదు. ఎవరో పొట్టి మనిషి" అన్నాను ఇస్త్రీతో, కొంచెం గర్వంగానే.

ఇస్త్రీ నెమ్మదిగా నావైపు కాకుండా మెకానిక్ వైపు చూశాడు. ఆ అమ్మాయి అయిదడుగులు కూడా ఉండదు. "థాంక్స్ బావా. నా కేసులో అదొక్కటే తక్కువైంది. రిపేరు చేసింది తనే, నడిపిందీ తనే. కుర్రవాడు తన గంట ఈవిడకి ఇచ్చి ఇప్పుడు కప్పిపుచ్చుతున్నాడు" అన్నాడు.

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు బాగా తెలిసింది. నేను కాపాడాల్సిన మనిషిని నేనే నిర్లక్ష్యంలోంచి తీసి నేరంలోకి తోశాను. నిన్న రెండు నుంచి రెండున్నర దాకా తన వర్క్‌షాపులో ఒంటరిగా ఉన్నానని ఆ అమ్మాయి చెప్పింది. చూసినవాళ్ళు లేరు. అప్పటికి ఒకటిన్నర అయింది.

మిగిలింది యంత్రం ఒక్కటే. మనుషులు దాచినా అది దాచదని మెకానిక్ ముందే చెప్పింది. స్టిక్కు ఏ క్షణాన ఎక్కడుందో, ట్రిమ్ బటన్ ఎప్పుడు నొక్కారో, తలుపు ఎప్పుడు తెరిచారో అంతా పక్క గదిలో కంప్యూటర్ రాసుకుంటుంది. మెకానిక్‌ను ఆ కంప్యూటర్ ముట్టుకోనివ్వనన్నాడు ఇస్త్రీ. న్యాయమే. స్కూలు ఆఫీసు నుంచి ఇంకొకరిని పిలిపించి, నిన్నటి గంట మొత్తం కాగితం మీద గీతలుగా తీయించాడు. పొడుగాటి కాగితాన్ని నేల మీద పరిచి, నలుగురం చుట్టూ గొంతు కూర్చున్నాం. ఇస్త్రీ మాత్రం మడత నలుగుతుందని నిలబడే చూశాడు.

మొదట నాకు దొరికింది తలుపు. కేబిన్ ఎగిరిపడటం రెండు ముప్పై దాటి అయిదు సెకన్లకు ఆగిపోయింది. తలుపు తెరుచుకున్నది ముప్పై దాటి నలభై సెకన్లకు. మధ్యలో ముప్పై అయిదు సెకన్లు కేబిన్ ఒక పక్కకు ఒరిగి కదలకుండా ఉంది. విసురుకి తలుపుకి కొట్టుకున్నవాడు ముప్పై అయిదు సెకన్లు గాల్లో వేలాడడు. ఆయన తనంతట తను లేచాడు, తనే తలుపు తెరిచాడు, ఒరిగిన కేబిన్ కింద మెట్టు ఉండాల్సిన చోట లేదు. ఆ మాట చెప్పగానే విద్యార్థి కళ్ళు మూసుకున్నాడు. ఇస్త్రీ మొదటిసారి వంగి చూశాడు, ప్యాంటు సంగతి మరిచిపోయి.

తరవాత స్టిక్కు గీత. రెండూ పది నుంచి రెండూ ఇరవై రెండు దాకా నున్నగా ఉంది. బటన్ నొక్కడం, గీత కొంచెం జరగడం, అక్కడే నిలబడిపోవడం. ఇరవై రెండు నుంచి రెండు నిమిషాలు ఖాళీ, మనుషులు సీట్లు మారే వ్యవధి. ఆ తరవాత చెయ్యే వేరు. స్టిక్కు ముందుకు వెళ్తుంది, బటన్ పడుతుంది, అర సెకనులో స్టిక్కు వెనక్కి పరిగెత్తి సరిగ్గా మధ్యకు వచ్చేస్తుంది. ముక్కు పైకి లేస్తుంది. కంగారుగా మళ్ళీ ముందుకు తోస్తారు, మళ్ళీ బటన్, మళ్ళీ మధ్యకు. తొమ్మిది సార్లు. ఒక్కోసారికీ ఊపు పెరిగింది. తొమ్మిదోసారికి కేబిన్ గుర్రమైంది.

బ్రేకు వదిలేసి స్టిక్కే వెనక్కి వచ్చిందేమో అన్నాడు ఇస్త్రీ. మెకానిక్ అప్పుడు నోరు విప్పింది. బ్రేకు వదిలేస్తే స్టిక్కు తన బరువుకి ఏదో ఒక పక్కకు వాలిపోతుంది గానీ మధ్యకు రాదని, దాన్ని మధ్యకు తెచ్చే స్ప్రింగే ఇందులో లేదని చెప్పింది. కావాలంటే బ్రేకు తీగ పీకి చూడమంది. పీకి చూశాం. నాలుగుసార్లు వదిలితే నాలుగుసార్లూ ముందుకే వాలిపోయింది.

అంటే ఎవరో చేత్తో తెచ్చారు, తొమ్మిదిసార్లు, ఆలోచించకుండా. అది చేతికున్న అలవాటు. అలాంటి అలవాటు ఎవరికుంటుందని అడిగాను. ఇంతసేపూ యంత్రం గురించి అడిగితే ఆగకుండా చెప్పిన మనిషి, మొదటిసారి తల దించుకుంది.

ముందు చేతులు చూద్దామన్నాను. సీటు వెనక్కి జరిపించి విద్యార్థిని నడపమన్నాను. పది నిమిషాల్లో పద్నాలుగుసార్లు ట్రిమ్ చేశాడు. ఒక్కసారి కూడా మధ్యకు తేలేదు, వేళ్ళు స్టిక్కు మీద అలాగే ఆనించి ఉంచాడు. తరవాత మెకానిక్ ఎక్కింది. ఆవిడ పద్ధతి ఇంకోటి. బటన్ వదలగానే చెయ్యి పూర్తిగా తీసేసి గాల్లో పెడుతుంది, బ్రేకు పట్టిందో లేదో చూసుకోవడానికి. గీత రాయిలా కదలకుండా ఉంది. ఎంత చెప్పినా మార్చుకోలేకపోయింది, పన్నెండేళ్ళ అలవాటట. నిన్నటి గీతనీ ఈ రెండు గీతల్నీ ఇస్త్రీ పక్కపక్కన పెట్టి రెండుసార్లు చూసుకున్నాడు.

"ఇది ఆవిడ చెయ్యి కాదు. ఒప్పుకుంటాను. కానీ ఎవరిదో చెప్పకుండా వదలమంటే వదలను. ఇద్దరూ నోరు మూసుకున్నారంటే ఇద్దరికీ భాగం ఉందనే రాస్తాను" అన్నాడు.

అది నిజమే, ఇద్దరూ నోరు మూసుకున్నారు. విద్యార్థి మెకానిక్‌ను చూశాడు, మెకానిక్ విద్యార్థిని చూసింది. నీకూ తెలుసా అన్నట్టుంది ఆ చూపు. ఇద్దరు మనుషులు విడివిడిగా, ఒకరికొకరు చెప్పుకోకుండా, మెడ మీద కత్తి పెట్టుకుని మరీ కాపాడుతున్నది ఒకరినే. ఈ స్కూల్లో అలాంటి మనిషి ఎవరు? నేను ఫిర్యాదుల పుస్తకం మళ్ళీ తెరిచాను. ఆ రెండు వారాల్లో ఈ స్టిక్కు పట్టుకున్నవాళ్ళు పదకొండు మంది. ట్రిమ్ చేశాక ముక్కు లేస్తోందని రాసింది ఒక్కరే. స్టిక్కు పాడైతే పదకొండు మంది చేతుల్లోనూ పాడవ్వాలి. వరండాలో గోడ మీద పాత బ్యాచ్‌ల ఫొటోలున్నాయి. అన్నిట్లోనూ కెప్టెన్ మధ్యలో నిలబడి ఉన్నాడు, విద్యార్థుల భుజాల దాకా వచ్చి.

"కెప్టెన్ గారు ఇంట్లో దేని మీద సాధన చేస్తారమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి తన బండబారిన వేళ్ళు చూసుకుంది. "ఎవరికీ చెప్పనని మాటిచ్చాను సార్" అంది.

మాటివ్వడం మంచిదే, కానీ ఆయన నీ మెడకి ఉచ్చు బిగించమని మాట తీసుకోలేదు కదా అన్నాను. అప్పుడు చెప్పింది. చెవి లోపం వల్ల మూడేళ్ళ క్రితం ఆయన్ని నిజం హెలికాప్టర్ ఎక్కనివ్వడం మానేశారు. చెయ్యి చెడిపోకూడదని కంప్యూటర్‌కి తగిలించుకునే జాయ్‌స్టిక్ ఒకటి కొనుక్కుని ఇంట్లో రోజుకు రెండు గంటలు నడుపుతున్నాడు. రెండు నెలల క్రితం దాని స్ప్రింగు వదులైతే ఈ అమ్మాయే గుట్టుగా బాగుచేసి ఇచ్చింది. ఆ బొమ్మ స్టిక్కులో బ్రేకు ఉండదు, స్ప్రింగే ఉంటుంది, వదిలితే మధ్యకు వచ్చేస్తుంది. అందుకని దాని ప్రోగ్రాము వేరేగా రాస్తారు. బటన్ నొక్కగానే స్టిక్కు ఎక్కడుందో అది గుర్తుపెట్టుకుంటుంది, చెయ్యి మధ్యకు వచ్చేదాకా ఏ కదలికా లెక్కలోకి తీసుకోదు. కాబట్టి నొక్కగానే మధ్యకు తెచ్చేయాలి. అక్కడ అదే ఒప్పు. ఇక్కడ అదే ప్రమాదం.

అభ్యాసం కూసు విద్య అంటారు. ఆ పెద్దాయన మూడేళ్ళు ఒక్కరోజు మానకుండా అభ్యాసం చేసి, నలభై ఏళ్ళు కూడబెట్టిన చెయ్యిని తనే చెడగొట్టుకున్నాడు. నాకు జాలేసింది. నేరస్థుడు దొరికాడన్న సంతోషం ఎక్కడికి పోయిందో తెలియదు.

ఇంకో సంగతి కూడా ఆ అమ్మాయే చెప్పింది. వచ్చే వారం ఆయనకు ఏడాది పరీక్ష ఉంది. మామూలుగా స్టిక్కు విద్యార్థుల చేతుల్లోనే ఉంటుంది, పరీక్ష కోసం ఈ రెండు వారాల నుంచే ఆయన దాన్ని పట్టుకుంటున్నాడు. పరీక్షకుడు పక్క సీట్లో కూర్చుంటాడు. తప్పితే పాఠం చెప్పే అనుమతి పోతుంది, ఇక ఈ గదిలోకి రావడానికి కూడా ఆయనకు పని ఉండదు. నిన్న ఉదయం ఆయన ఫిర్యాదు చదివినప్పుడే తనకు అనుమానం వచ్చిందనీ, లోపం స్టిక్కులో లేదు సార్ అని మాత్రం అనగలిగిందనీ చెప్పింది. మిగతా సగం మాట ఆయన ముఖం చూసి మింగేసింది.

విద్యార్థిని అడిగితే అవునో కాదో తేలకుండా తల ఊపి గోడ వైపు తిరిగాడు. ఇస్త్రీ పెన్ను మూత పెట్టేశాడు. "ఇదంతా బాగానే ఉంది బావా. కానీ నీ అనుమానం సాక్ష్యం కాదు. గీతకి పేరు రాసి ఉండదు. ఆయన నోటితో ఆయన చెప్పాలి, లేదా ఈ కుర్రవాడు చెప్పాలి. లేదంటే నాలుగింటికి నేను రాసేది నాకు దొరికిందే" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు, అదే నా బాధ.

రెండు యాభైకి నా ఫోన్ మోగింది. మెకానిక్ అక్క. ఆవిణ్ణి ఆ వార్డులోకి వెళ్ళొద్దని నిన్నే ఆపేశారు, అయినా తోటి నర్సు చెప్పిందట. కెప్టెన్‌కి స్పృహ వచ్చింది, నీళ్ళు అడిగాడు అని. ఆ మాట వినగానే మెకానిక్ గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తన గండం గట్టెక్కుతుందని కాదు, మనిషి బతికాడని. అది ఇస్త్రీ కూడా చూశాడు.

అయిదుగురం ఒకే జీపులో వెళ్ళాం. కానిస్టేబుల్ మెకానిక్ పక్కనే కూర్చుంది. వార్డు బయట డాక్టరు మమ్మల్ని ఆపి, అయిదు నిమిషాలు మాత్రమే ఇస్తానన్నాడు. తలకు దెబ్బ తగిలినవాళ్ళకు అంతకు ముందు గంట సంగతి గుర్తుండకపోవచ్చని, గుర్తులేదంటే రెట్టించవద్దని కూడా చెప్పాడు. తలుపు తెరిచే ఉంది. ఆ మాట లోపలికి వినపడిందని నాకు తెలుసు, ఎందుకంటే మంచం మీది పెద్దాయన కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. తప్పించుకునే దారి డాక్టరే పరిచి పెట్టాడు. గుర్తులేదు అన్న ఒక్క మాట చాలు. ఆయన పరీక్ష నిలుస్తుంది, పరువు నిలుస్తుంది. ఈ అమ్మాయి పోతుంది.

ఇస్త్రీ చెయ్యి అడ్డం పెట్టి నన్ను వెనకే ఆపాడు. సాక్షి నోట్లో మాట పెట్టనివ్వడు, ఎవరినీ. మా వాడిలో నేను మెచ్చుకునే గుణం అదొక్కటే. స్టూలు మీద కూర్చుని, నిన్న మధ్యాహ్నం ఏం జరిగిందో గుర్తుందా అండీ అని అడిగి ఊరుకున్నాడు.

కెప్టెన్ విద్యార్థిని చూశాడు. తరవాత గుమ్మంలో ఉన్న మెకానిక్‌ను చూశాడు, పక్కన ఖాకీ బట్టల్లో ఉన్న కానిస్టేబుల్‌ను చూశాడు. ఆ అమ్మాయి పక్కన పోలీసెందుకని అడిగాడు.

స్టిక్కు పాడై మీరు పడ్డారనీ, పాడవడానికి ఆవిడ కారణమనీ కేసు ఉందని ఇస్త్రీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను గోడ గడియారం చూశాను, మూడూ ఇరవై రెండు. సెకన్ల ముల్లు పావు చుట్టు తిరిగేదాకా ఆయన తెరవలేదు. నిద్రపోయాడనుకుని డాక్టరు ముందుకు వచ్చాడు.

"గుర్తుంది. రాసుకోండి" అన్నాడు కెప్టెన్, కళ్ళు మూసుకునే. "సీట్లో ఉన్నది నేను. వీణ్ణి లేపి నేనే కూర్చున్నాను, వచ్చే వారం పరీక్ష ఉందని. స్టిక్కు ఎగరలేదు. తొమ్మిదిసార్లు ట్రిమ్ చేసి తొమ్మిదిసార్లూ నేనే మధ్యకు తెచ్చాను. మూడోసారికే తెలిసింది, తప్పు నా చేతిదని. తెలిసి కూడా అది ఆగలేదు."

అంతా ఆగిపోయాక అలాగే కూర్చుని తన చెయ్యి తను చూసుకున్నానని, తరవాత ఎవరి ముఖమూ చూడబుద్ధి కాక లేచి తలుపు తీశానని చెప్పాడు. కింద పడ్డాక స్పృహ తప్పేలోగా విద్యార్థి చొక్కా పట్టుకుని, ఎవరికీ చెప్పకు అన్నది కూడా తనేనని చెప్పాడు. అప్పుడు విద్యార్థి ఏడ్చాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి మంచం కాళ్ళ దగ్గర కూలబడి ఏడుస్తుంటే, కెప్టెన్ బాగున్న చేత్తో వాడి తల మీద ఒక్కటి మొట్టాడు. "నేను చెప్పకు అంటే ఇంకొకళ్ళు జైలుకి పోతున్నా చెప్పవా? ఇదేనా నేను నేర్పింది?" అన్నాడు. ఆ తరవాత ఆ చెయ్యి అక్కడే, వాడి తల మీదే ఉంచేశాడు.

ఇస్త్రీ రాసింది మొత్తం చదివి వినిపించాడు. డాక్టరు సాక్షి సంతకం పెట్టాడు. గుమ్మం వైపు తిరగకుండానే ఇస్త్రీ కానిస్టేబుల్‌కి వేలు ఊపాడు, ఆమె రెండడుగులు పక్కకు జరిగింది. అంతే, కేసు అయిపోయింది. నేరం లేదు, నేరస్థుడు లేడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో నేను అరెస్టులు చేసి కూడా ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజు లేదు.

కెప్టెన్ పెన్ను పుచ్చుకుని, సంతకం పెట్టకుండా ఆగాడు. ఇంకొక్క వాక్యం చేర్చాలన్నాడు. తను పాఠం చెప్పే అనుమతి ఉండగా పెడుతున్న ఆఖరి సంతకం ఇదే కావచ్చు కాబట్టి, ఈ ఒక్కటి కూడా దాని మీదే ఉండాలన్నాడు. ఇస్త్రీ రాయడానికి వంగాడు.

"నిన్న రిపేరు చేశాక స్టిక్కు నేను నడిపి చూశాను. బ్రేకు గట్టిగా పట్టుకుంటోంది. పని చాలా బాగుంది."

ఇస్త్రీ ఆ వాక్యం రాసి, చదివి, కాగితం ఆయన చేతికిచ్చాడు. కెప్టెన్ సంతకం పెట్టాడు. నిన్నటి నుంచి కంటనీరు పెట్టని మెకానిక్ గుమ్మంలోనే కూర్చుండిపోయి భోరున ఏడ్చింది. వార్డులోకి రావద్దన్న అక్క ఎక్కడి నుంచి వచ్చిందో పరిగెత్తుకుంటూ వచ్చి చెల్లిని పట్టుకుంది. ఎవరూ ఆవిణ్ణి ఆపలేదు.